సగటు 0.1005 వచ్చింది, యాసిడ్ మాత్రం 0.0952: ఒక ఇంటర్ ల్యాబ్ కేస్ స్టడీ

సోడియం కార్బొనేట్‌తో హైడ్రోక్లోరిక్ యాసిడ్ గాఢత కనుక్కోవడం ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో అందరూ చేసే ప్రయోగమే. లెక్క నాలుగు లైన్లకు మించదు. అయినా రీడింగులు తేడా కొట్టడం, ఆ తేడాను పిల్లల చేతకానితనం మీదకు నెట్టేయడం మామూలు. ఈ కేసులో పిల్లల తప్పు లేదు. తప్పులు రెండు, రెండూ స్టాక్ రూమ్‌లోనే జరిగాయి. ఒకటి రీడింగును పైకి లాగింది, రెండోది కిందికి లాగింది. రెండింటినీ కలిపి సగటు తీస్తే అంతా బాగున్నట్టే కనిపించింది. ఇలాంటి ల్యాబుల్లో పదేపదే ఎదురయ్యే పరిస్థితిని ఒకే కేసుగా కూర్చి రాస్తున్నాం.

ఏం తయారు చేశారు

ఒక క్యాన్‌లో ఐదు లీటర్ల 0.1 మొలార్ (లీటరుకు 0.1 మోలు) హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఉదయం ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్, ఇద్దరికీ అదే క్యాన్. ప్రతి విద్యార్థీ అనార్ద్ర (నీళ్లు లేని) సోడియం కార్బొనేట్ సుమారు 1.325 గ్రాములు తూచి 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో 0.05 మొలార్ ద్రావణం చేసుకోవాలి. అందులోంచి పిపెట్‌తో 20 మి.లీ. కానికల్ ఫ్లాస్కులోకి తీసి, రెండు చుక్కలు మిథైల్ ఆరెంజ్ వేసి, బ్యూరెట్‌లోంచి యాసిడ్ వదలాలి. పసుపు పోయి నారింజ రంగు తిరిగిన చోట ఆపాలి. దీన్నే టైట్రేట్ చేయడం అంటారు.

1.325 అనే అంకె ఇలా వచ్చింది. సోడియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి 105.99. లీటరుకు 0.05 మోలు అంటే 5.30 గ్రాములు. 250 మి.లీ.కి అందులో పావు వంతు. సరిగ్గా 1.325 తూచాలని చాలామంది చిటికెలతో వేసి తీసి, తీసి వేసి పది నిమిషాలు గడుపుతారు. ఆ పది నిమిషాల్లో పొడి గాలిలో తేమ పీల్చుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. 1.342 గ్రాములు పడిందా, అదే రాసుకోవాలి. 1.342 × 4 ÷ 105.99 = 0.05065 మొలార్. ప్రమాణ ద్రావణం గాఢత గుండు అంకె కానక్కర్లేదు, నిజంగా తూచిన అంకె అయితే చాలు.

ఒక మోలు కార్బొనేట్‌కు రెండు మోళ్ల యాసిడ్ కావాలి. 20 మి.లీ.లో 20 × 0.05 = 1.00 మిల్లీమోలు కార్బొనేట్ ఉంది, దానికి 2.00 మిల్లీమోళ్ల యాసిడ్ సరిపోతుంది. యాసిడ్ నిజంగా 0.1 మొలార్ అయితే బ్యూరెట్ రీడింగు 20.0 మి.లీ. రావాలి. ఈ 20.0ను ప్రయోగం మొదలుకాక ముందే బోర్డు మూలన రాసి పెట్టుకోవడం మంచిది. ముందే లెక్క కట్టుకోని రీడింగు ఎంత వచ్చినా సరైనదిగానే కనిపిస్తుంది.

ఏం వచ్చింది

ఉదయం బ్యాచ్ రీడింగులు 21.0 మి.లీ. చుట్టూ, మధ్యాహ్నం బ్యాచ్‌వి 18.9 మి.లీ. చుట్టూ వచ్చాయి. తూచిన బరువుల్లో తేడాలు సరిచేసి, అన్నింటినీ 1.325 గ్రాముల లెక్కకు మార్చాక కూడా ఇదే పరిస్థితి. ఒక్కో బ్యాచ్ లోపల పిల్లల మధ్య తేడా 0.2, మహా అయితే 0.3 మి.లీ. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య తేడా మాత్రం 2.1 మి.లీ.

పిల్లలు కట్టిన లెక్కల్లో తప్పులేదు:

ఉదయం: 2.00 ÷ 21.0 = 0.0952 మొలార్
మధ్యాహ్నం: 2.00 ÷ 18.9 = 0.1058 మొలార్

రెండింటి సగటు 0.1005. క్యాన్ మీద రాసింది 0.1. ప్రాక్టికల్ రిజిస్టరులో సగటు ఒక్కటే రాసే అలవాటు ఉంటే కేసు ఇక్కడితో మూసుకుపోయేది. కొంతమందికి ఐదు శాతం తక్కువ, కొంతమందికి ఆరు శాతం ఎక్కువ, "పిల్లలు కదా, అలాగే వస్తుంది" అనుకుని సంతకం పెట్టేసేవారు. రీడింగులను సగటు తీయకుండా బోర్డు మీద ఒక గీత గీసి, ఒక్కో రీడింగుకు ఒక్కో చుక్క పెడితేనే రెండు గుంపులు విడివిడిగా కనిపించాయి. చేతి తప్పులైతే చుక్కలు ఒక విలువ చుట్టూ చెదిరి ఉంటాయి. రెండు చోట్ల గుత్తులుగా పడ్డాయంటే రెండు గుంపులూ వాడిన వస్తువుల్లో ఏదో ఒకటి వేరన్నమాట.

తేడా ఎటువైపు ఉందో తేల్చడం

అనుమానించదగ్గవి రెండే: యాసిడ్, సోడా (అంటే సోడియం కార్బొనేట్). విడదీయడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఉదయం బ్యాచ్ సోడా ద్రావణం ఒక ఫ్లాస్కులో మిగిలే ఉంది. మధ్యాహ్నం బ్యాచ్‌ది కూడా ఉంది. ఒకే మనిషి, ఒకే బ్యూరెట్, ఒకే పిపెట్, క్యాన్‌లోంచి అప్పుడే తీసిన యాసిడ్‌తో రెండింటినీ వరసగా టైట్రేట్ చేస్తే మొదటిది 21.0, రెండోది 18.9 వచ్చాయి. అంటే పొద్దుటి నుంచి యాసిడ్ మారలేదు. తేడా సోడాలోనే ఉంది.

యాసిడ్ విషయంలో ఇంకో చిన్న పరీక్ష కూడా చేయాల్సి వచ్చింది. గాఢ ఆమ్లం నీళ్లకంటే బరువు, బాగా కలపకపోతే అడుగున చేరుతుంది. కుళాయి ఉన్న క్యాన్ అయితే మొదట పట్టుకున్నవాళ్లకు గట్టి యాసిడ్, చివర పట్టుకున్నవాళ్లకు పలచటిది దొరుకుతుంది. ఐదు లీటర్ల క్యాన్‌ను రెండుసార్లు ఊపి వదిలేస్తే సరిపోదు, మూత బిగించి కనీసం ఇరవైసార్లు తలకిందులు చేయాలి. ఇక్కడ పైనుంచీ అడుగునుంచీ తీసిన రెండు నమూనాలూ 21.0 ఇచ్చాయి కాబట్టి ఆ అనుమానం పోయింది.

ఇక సోడా. త్రాసు అదే, బరువుల పెట్టె అదే. ఫ్లాస్కులు బ్యాచ్‌ల మధ్య మారాయి గానీ, 250 మి.లీ. క్లాస్ బి ఫ్లాస్కులో కూడా అనుమతించే తేడా 0.30 మి.లీ. మాత్రమే, అంటే 0.12 శాతం. పది శాతం తేడా అక్కడినుంచి రాదు. గీతను దాటి 2 మి.లీ. నీళ్లు ఎక్కువ పోసినా తగ్గేది 0.8 శాతమే, పైగా అది ఒక్క విద్యార్థికి పరిమితమయ్యే తప్పు, బ్యాచ్ మొత్తానికీ జరగదు. మిగిలింది సీసా. ఉదయం బ్యాచ్‌తో ఒక సీసా అయిపోయింది, మధ్యాహ్నం రెండో సీసా తీశారు. లేబుల్ మీద రెండింటికీ "అనార్ద్ర" అనే ఉంది. రెండో సీసా మూత వదులుగా ఉంది, లోపల పొడి గడ్డలు కట్టింది. అది వానాకాలమంతా అలాగే ఉన్న సీసా.

సోడా ఎంత తేమ పట్టింది

18.9 మి.లీ. రీడింగులోంచే ఇది తేలుతుంది. యాసిడ్ 0.0952 అనుకుంటే (ఇది నిజమేనా అన్నది తర్వాత) 18.9 × 0.0952 = 1.80 మిల్లీమోళ్ల యాసిడ్ ఖర్చయింది. దానికి సగం, 0.90 మిల్లీమోలు కార్బొనేట్ 20 మి.లీ.లో ఉంది. అంటే ఆ ద్రావణం 0.0450 మొలార్. 250 మి.లీ.లో 11.25 మిల్లీమోళ్లు, గ్రాముల్లో 1.192. తూచింది 1.325. కాబట్టి ఆ పొడిలో అసలు సోడియం కార్బొనేట్ 90 శాతం, మిగతా 10 శాతం నీళ్లు.

ఇది నమ్మదగ్గ అంకేనా? సోడియం కార్బొనేట్ గాలిలో తేమ పట్టి పూర్తిగా మోనోహైడ్రేట్‌గా (ఒక మోలుకు ఒక మోలు నీళ్లు చేరిన రూపంగా) మారితే మోలార్ ద్రవ్యరాశి 124.0 అవుతుంది, అందులో నీళ్ల వాటా 14.5 శాతం. కాబట్టి పది శాతం అంటే పొడిలో చాలా భాగం మోనోహైడ్రేట్‌గా మారిపోయిందన్న మాట. గడ్డలు కట్టడంతో అది సరిపోతోంది. బట్టల సోడా అని అమ్మే డెకాహైడ్రేట్‌ను (మోలుకు పది మోళ్ల నీళ్లున్న రూపాన్ని) పొరపాటున వాడి ఉంటే కథ వేరే ఉండేది. దాని మోలార్ ద్రవ్యరాశి 286.1. అదే 1.325 గ్రాములు తూస్తే ద్రావణం 0.0185 మొలార్, రీడింగు 7.8 మి.లీ. దగ్గర ఆగిపోతుంది. అంత పెద్ద తప్పును ఎవరైనా పట్టుకుంటారు. పది శాతం తప్పే ప్రమాదం, అది మామూలు తేడాల్లో కలిసిపోతుంది.

లెక్కతో వచ్చిన అనుమానాన్ని త్రాసుతో నిర్ధారించారు. రెండో సీసాలోంచి 2.000 గ్రాములు పింగాణీ మూసలో తీసుకుని వేడి చేశారు. సరైన పద్ధతి 270 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట. మఫుల్ ఫర్నేస్ లేని కాలేజీలో పింగాణీ గిన్నెలో పోసి సన్నటి మంట మీద గాజు కడ్డీతో కలుపుతూ అరగంట పైగా వేడి చేయవచ్చు. సోడియం కార్బొనేట్ కరిగేది 851 డిగ్రీల దగ్గర, కాబట్టి ఆ మంటకు అది పాడవదు. డెసికేటర్‌లో (తేమ చేరకుండా మూసి ఉంచే పాత్రలో) చల్లార్చి తూచి, మళ్లీ పది నిమిషాలు వేడి చేసి తూచాలి. రెండు తూకాలూ కలిసేదాకా ఇదే పని. వేడిగా ఉన్నదాన్ని త్రాసులో పెడితే చుట్టూ గాలి పైకి లేచి బరువు తక్కువ చూపిస్తుంది, చల్లారేదాకా ఆగాల్సిందే. చివరికి 1.80 గ్రాములు తేలింది. రీడింగు చెప్పిన 90 శాతమే.

110 డిగ్రీల ఓవెన్‌లో పెడితే చాలదా అని అడుగుతారు. నీళ్లు పోవడానికి చాలు. కానీ తేమ పట్టిన సోడా గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కూడా పీల్చుకుని కొంత బైకార్బొనేట్‌గా మారి ఉంటుంది. దాన్ని మళ్లీ కార్బొనేట్ చేయడానికే ఆ ఎక్కువ వేడి. ఇందులో ఒక వెసులుబాటు ఉంది: మిథైల్ ఆరెంజ్ దాకా టైట్రేట్ చేసినప్పుడు రెండు మోళ్ల బైకార్బొనేట్ పట్టే యాసిడ్, అది వేడికి మారి ఏర్పడే ఒక మోలు కార్బొనేట్ పట్టే యాసిడ్‌తో సమానం. అందువల్ల పోయిన బరువు నీళ్లదైనా, కార్బన్ డై ఆక్సైడ్‌దైనా, వేడి చేశాక మిగిలిన బరువూ టైట్రేషన్ లెక్కా కలవాల్సిందే.

వేడి చేసిన ఆ పొడితో కొత్తగా 250 మి.లీ. చేసి టైట్రేట్ చేస్తే 21.0 వచ్చింది. సోడా కేసు ముగిసింది.

మరి 20.0 ఎందుకు రాలేదు

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మధ్యాహ్నం బ్యాచ్ తప్పు దొరికింది, ఉదయం బ్యాచ్ సరైనది, అయిపోయింది అనుకుంటారు. కానీ బోర్డు మూలన రాసింది 20.0. ఉదయం బ్యాచ్ సోడా మంచిదే అయితే యాసిడ్ 0.1 కాదు, 0.0952. ఐదు శాతం ఎక్కడ పోయింది?

తయారు చేసిన విధానం రిజిస్టరులో ఒక లైనులో ఉంది: "గాఢ హెచ్‌సీఎల్ 12 మొలార్, 42 మి.లీ., 5 లీటర్లకు." లెక్క ఎం1వీ1 = ఎం2వీ2, అంటే పలచన చేయక ముందూ చేశాకా గాఢత × పరిమాణం ఒకటే. 0.1 × 5000 ÷ 12 = 41.7, దాన్ని 42 చేశారు. సూత్రంలో తప్పు లేదు, గుణకారంలో తప్పు లేదు. ఆ 12 ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

12 మొలార్ అన్నది 37 శాతం యాసిడ్‌కు సరిపోయే అంకె. లీటరు బరువు 1190 గ్రాములు, అందులో 37 శాతం అంటే 440.3 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్. 36.46తో భాగిస్తే 12.08 మొలార్. ఈ సీసా లేబుల్ మీద ఉన్నది మాత్రం 35 శాతం, సాపేక్ష సాంద్రత 1.18. 1180 × 0.35 = 413 గ్రాములు. 413 ÷ 36.46 = 11.33 మొలార్. 42 మి.లీ.లో 476 మిల్లీమోళ్లు. ఐదు లీటర్లకు పంచితే 0.0952. రీడింగు చెప్పిందీ అదే.

అంకెలు ఇంత అచ్చంగా కలవడంలో కొంత అదృష్టం కూడా ఉంది. 42 మి.లీ. కొలిచింది 50 మి.లీ. కొలజాడీతో, దాంతో అర మిల్లీలీటరు అటూ ఇటూ పోవడం పెద్ద విషయం కాదు, అంటేనే ఒక శాతం. ఐదు లీటర్లను క్యాన్ మీద గీత చూసి నింపకుండా, లీటరు ఫ్లాస్కుతో ఐదుసార్లు కొలిచి పోశారు కాబట్టి ఆ వైపు తప్పు చేరలేదు. క్యాన్ గీతను నమ్మి నూరు మి.లీ. ఎక్కువ పోస్తే ఇంకో రెండు శాతం పోయేది.

గాఢ ఆమ్లాల విషయంలో కంఠస్థం చేసిన మొలారిటీలను వాడటం మా దృష్టిలో మానుకోవాల్సిన అలవాటు. లేబుల్ చూసి ప్రతిసారీ కట్టుకోవాలి: సాంద్రత × 1000 × శాతం ÷ 100 ÷ మోలార్ ద్రవ్యరాశి. 98 శాతం, 1.84 సాంద్రత ఉన్న సల్ఫ్యూరిక్ యాసిడ్ 18.4 మొలార్. 25 శాతం, 0.91 సాంద్రత ఉన్న అమోనియా ద్రావణం 13.4 మొలార్. ఇక్కడ శాతం అంటే బరువులో శాతం, ఘనపరిమాణంలో కాదు. సాంద్రత వేయడం మర్చిపోయి 350 ÷ 36.46 = 9.6 మొలార్ అని రాసే పేపర్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాయి. దాన్ని వాడితే లీటరుకు 8.8 మి.లీ. బదులు 10.4 మి.లీ. పోస్తారు, యాసిడ్ 18 శాతం గట్టిగా తయారవుతుంది.

లేబుల్ కూడా సీసా తెరిచిన రోజు మాటే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ మూత తీసిన ప్రతిసారీ పొగ రూపంలో కొంత పోతుంది. పాత సీసాను నేరుగా పరీక్షించాలంటే, రబ్బరు బల్బు తగిలించిన పిపెట్‌తో 10 మి.లీ. తీసి, సగం నీళ్లున్న లీటరు స్టాండర్డ్ ఫ్లాస్కులోకి వదిలి, చల్లారాక గీతదాకా నింపాలి. 11.33 మొలార్ అయితే ఇప్పుడు 0.1133, 20 మి.లీ. 0.05 మొలార్ సోడాకు 17.65 మి.లీ. పట్టాలి. 18.5 పట్టిందంటే సీసాలోది 10.8కి పడిపోయినట్టు. 5 మి.లీ. తీసి 250కి చేస్తే కూడా లెక్క కుదురుతుంది గానీ రీడింగు 9 మి.లీ. లోపే ఉంటుంది. చిన్న రీడింగులో ఒక చుక్క తేడా రెట్టింపు దెబ్బ కొడుతుంది.

మిగిలిన యాసిడ్‌ను ఏం చేయాలి

క్యాన్‌లో 3.2 లీటర్లు మిగిలింది. కచ్చితంగా 0.1 మొలారే కావాలంటే గాఢ ఆమ్లం కలపాలి. ఎంత? పోసే పరిమాణం వి అనుకుంటే:

3200 × 0.0952 + 11.33 × వి = 0.1 × (3200 + వి)
304.6 + 11.33 వి = 320 + 0.1 వి
వి = 15.4 ÷ 11.23 = 1.37 మి.లీ.

అంశాంకనాలున్న పిపెట్‌తో 1.4 మి.లీ. కలిపి, బాగా తిప్పి, మళ్లీ టైట్రేట్ చేయాలి. అప్పుడు కూడా లేబుల్ మీద రాయాల్సింది లెక్కలో వచ్చిన అంకె కాదు, ఆ టైట్రేషన్‌లో వచ్చిన అంకె. ఇక్కడ వి ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి రావడం గమనించాలి. కలిపింది మొత్తం ఘనపరిమాణాన్ని కూడా పెంచుతుంది. ఈ ఉదాహరణలో దాని ప్రభావం అతి స్వల్పం, కానీ 0.0952ను 1 మొలార్ చేయాలనుకుంటే ఆ కుడివైపు పదం వదిలేస్తే పోసే పరిమాణంలో తొమ్మిది శాతం దాకా తప్పు చేరుతుంది.

పలచనది గట్టిపరచడం కంటే గట్టిది పలచన చేయడం ఎప్పుడూ తేలిక. అందుకే అనుభవం ఉన్నవాళ్లు లీటరుకు 8.8 బదులు 9.2 మి.లీ. వేసి కావాలనే 0.104 దగ్గర చేస్తారు. టైట్రేషన్‌లో 0.1043 వచ్చిందనుకుందాం. ప్రతి లీటరుకు 43 మి.లీ. నీళ్లు కలిపితే 0.1000. అక్కడ తప్పు జరిగినా తప్పు పరిమాణం చిన్నది.

నిజానికి బోధనా ప్రయోగానికి 0.1000 అక్కర్లేదు. 0.0952 అని తెలిసిన యాసిడ్, 0.1 అని ఊహించిన యాసిడ్ కంటే మంచిది. గుండు అంకె ఇస్తే పిల్లలు రీడింగును వెనక్కి లెక్కగట్టి 20.0 రాసేస్తారు కూడా. ఈ కేసులో క్యాన్‌లోకి ఏమీ కలపకుండా లేబుల్ మార్చడమే సరైన నిర్ణయం. మార్కుల విషయంలో మధ్యాహ్నం బ్యాచ్‌కు 0.0952ను సరైన జవాబుగా పెట్టడం అన్యాయం. వాళ్లు తూచిందీ, టైట్రేట్ చేసిందీ సరిగ్గానే ఉంది, ఇచ్చిన పొడే వేరు. వాళ్ల సోడా 0.0450 మొలార్ అని తీసుకుని తిరగగట్టినా, నేరుగా 18.9 మి.లీ. రీడింగుతో పోల్చినా ఒకటే.

ఈ కేసులో లేని, కానీ ఇలాగే కనిపించే తప్పులు

రీడింగు సరిగ్గా సగం, 10.5 వచ్చిందంటే మిథైల్ ఆరెంజ్ బదులు ఫినాల్ఫ్తలీన్ పడింది. దాంతో కార్బొనేట్ బైకార్బొనేట్ దాకా వెళ్లి రంగు పోతుంది, రెండో సగం మిగిలే ఉంటుంది. రెట్టింపు, 42 వచ్చిందంటే నార్మాలిటీ (లీటరుకు ఎన్ని గ్రామ్ తుల్యభారాలు అన్న కొలత), మొలారిటీ కలగాపులగం అయ్యాయి. పాత మాన్యువల్‌లో 0.1 నార్మల్ సోడా అంటే లీటరుకు 5.3 గ్రాములు. ఆ 0.1ను మొలార్ అనుకుని 10.6 గ్రాములు తూస్తే ఇంతే. ఈ రెండు తప్పులూ సరైన నిష్పత్తిలో వస్తాయి కాబట్టి కనిపెట్టడం సులువు.

రెండు, మూడు శాతం తేడాలు గాజుసామాను కడగడంలో వస్తాయి. పిపెట్‌ను, బ్యూరెట్‌ను వాటిలో పోయబోయే ద్రావణంతోనే కడగాలి. కానికల్ ఫ్లాస్కును మాత్రం నీళ్లతోనే. దాన్ని సోడా ద్రావణంతో కడిగి, అర మిల్లీలీటరు అడుగున వదిలేసినా 20 మి.లీ. బదులు 20.5 మి.లీ. టైట్రేట్ చేసినట్టే, 2.5 శాతం ఎక్కువ. ఫ్లాస్కు నీళ్లతో తడిగా ఉంటే ఏమీ కాదు, ఎందుకంటే పిపెట్‌తో వేసిన మోళ్లు మారవు. ఈ తేడా ఎందుకో విద్యార్థికి అర్థమైతే గాఢత అంటే ఏమిటో, మోళ్లు అంటే ఏమిటో సగం అర్థమైనట్టే.

రాగి సల్ఫేట్, ఆక్సాలిక్ యాసిడ్ దగ్గర తప్పు సోడాకు తిరగబడి ఉంటుంది. సీసాలో ఉండేది స్ఫటిక జలంతో ఉన్న పదార్థం, లెక్కలో వేసేది అనార్ద్ర అణుభారం. 250 మి.లీ. 0.05 మొలార్ ఆక్సాలిక్ యాసిడ్‌కు డైహైడ్రేట్ 126.07 చొప్పున 1.576 గ్రాములు కావాలి. 90.03తో లెక్కగట్టి 1.125 గ్రాములే వేస్తే ద్రావణం 0.0357 మొలార్, 29 శాతం తక్కువ. పర్మాంగనేట్ టైట్రేషన్‌లో రీడింగు ఆ మేరకు పడిపోతుంది.

సోడియం హైడ్రాక్సైడ్‌ను తూచి ప్రమాణ ద్రావణం చేయవచ్చని ఎవరైనా అంటే నమ్మకూడదు. గుళికలు తూచేలోపే తడిసిపోతాయి, పైన కార్బొనేట్ పొర పడుతుంది. లీటరుకు 4.0 గ్రాములు తూచినా 0.1 రాదు. సగానికి సగం బరువుతో 50 శాతం ద్రావణం చేసి ప్లాస్టిక్ సీసాలో నాలుగు రోజులు కదపకుండా ఉంచితే కార్బొనేట్ అందులో కరగక అడుగున చేరుతుంది. పైన తేటది సుమారు 19 మొలార్. దాన్నుంచి 5.2 లేదా 5.3 మి.లీ. తీసి, మరిగించి చల్లార్చిన నీళ్లతో లీటరు చేసి, ఆక్సాలిక్ యాసిడ్‌తో బలం కనుక్కోవాలి. ఆ గాఢ ద్రావణం చేసేటప్పుడు సీసా పట్టుకోలేనంత వేడెక్కుతుంది. గుళికలను చల్లటి నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, కళ్లద్దాలు తప్పనిసరి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు కూడా ఇదే క్రమం, నీళ్లలోకి యాసిడ్, అంతేగానీ యాసిడ్‌లోకి నీళ్లు కాదు. వేడి తగ్గకముందే గీతదాకా నింపితే చల్లారాక మట్టం గీతకిందకు దిగుతుంది. అప్పుడు మళ్లీ నీళ్లు పోయాల్సి వస్తుంది, పోయకపోతే ద్రావణం గట్టిగా ఉంటుంది. ఎండాకాలం 40 డిగ్రీల గదిలో, 27 డిగ్రీలకు గీసిన ఫ్లాస్కు వాడినా నీళ్లు వ్యాకోచించి 0.4 శాతం దాకా తేడా తెస్తాయి. ఇంటర్ ప్రయోగానికి అది పట్టించుకోనక్కర్లేదు.

పదో వంతా, పదకొండో వంతా

అదే వారం ఇదే యాసిడ్‌ను పదిరెట్లు పలచన చేయాల్సి వచ్చింది. సూచనలో "1:10" అని ఉంది. ఒక బల్ల వాళ్లు 50 మి.లీ. యాసిడ్‌ను 500 మి.లీ. ఫ్లాస్కులో గీతదాకా నింపారు. ఇంకో బల్ల వాళ్లు 50 మి.లీ. యాసిడ్‌కు 500 మి.లీ. నీళ్లు కొలిచి పోశారు. మొదటిది 0.00952 మొలార్. రెండోది 550లో 50, అంటే పదకొండో వంతు, 0.00865. తొమ్మిది శాతం తేడా, దాదాపు సోడా తేమంత. దీన్నే మూడుసార్లు వరసగా చేస్తే వెయ్యో వంతు బదులు 1331వ వంతు వస్తుంది, గాఢత పావు వంతు తగ్గిపోతుంది. సూచనల్లో నిష్పత్తి రాయడం మానేసి "50 మి.లీ. తీసి 500 మి.లీ.కి చేయండి" అని రాస్తే ఈ తప్పుకు తావుండదు.

పదిరెట్ల పలచనలో మొదటి మెట్టు తప్పు చివరి మెట్టుదాకా వెళుతుంది కాబట్టి, ప్రతి మెట్టుకూ కడిగిన పిపెట్ వాడాలి, ప్రతి ఫ్లాస్కునూ తలకిందులు చేసి కలిపాకే తర్వాతిదాంట్లోకి తీయాలి. 1 మి.లీ. తీసి 1000కి ఒకేసారి చేయడం కంటే, 10 తీసి 100కి, మళ్లీ 10 తీసి 100కి, ఇంకోసారి 10 తీసి 100కి చేయడమే మా సలహా. ఫ్లాస్కులు మూడు పడతాయి గానీ 1 మి.లీ. పిపెట్‌లో చివరి చుక్క వదిలాడా, ఊదేశాడా అన్న గొడవ ఉండదు.

చివరికి క్యాన్ మీద పాత "0.1 ఎం హెచ్‌సీఎల్" కాగితం చించి కొత్తది అంటించారు: హెచ్‌సీఎల్, 0.0952 మొలార్. 300 డిగ్రీల దగ్గర వేడి చేసిన సోడియం కార్బొనేట్‌తో, మిథైల్ ఆరెంజ్ సూచికగా, మూడు రీడింగులు: 21.0, 21.0, 21.1. తయారీ తేదీ, టైట్రేట్ చేసిన తేదీ, సీసా శాతం 35, సాంద్రత 1.18. రెండో సోడా సీసా మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో "వేడి చేయకుండా తూచరాదు" అని రాసి, దాని మూతకు పారఫిన్ మైనం పూశారు.